రంగు పాతదేనండి

పాత రంగుల పెట్టె ఏదైనా మీ చేతికి వస్తే, మూత తీయగానే మిగిలిన రంగుల్ని చూసి మురిసిపోకండి. ఏ రంగు అయిపోయిందో ముందు అది చూడండి. ఆ పెట్టె ఎవరి దగ్గర ఉండేదో, వాళ్ళు ఏం గీసుకుంటూ బతికారో ఆ ఖాళీ గుంటే చెబుతుంది. కాలవలు తవ్వించిన దొరల కాలం నాటి సర్వేయరు పెట్టెలో నీలం అడుగంటి ఉంటుంది. మిషన్ బంగళాలో కూర్చుని కొల్లేటి తుంగనీ తూటాకునీ బొమ్మలు వేసుకున్న దొరసాని పెట్టెలో ఆకుపచ్చ మిగలదు. ఏలూరు తివాచీలకు నమూనాలు గీసినవాళ్ళ పెట్టెలో ఎరుపు ముందు అయిపోతుంది.

ఈ మాటలు చాలా చోట్ల చెప్పాను. స్కూళ్ళకు పిలిస్తే పిల్లలకు చెప్పాను. పేపరువాళ్ళు వస్తే వాళ్ళకీ చెప్పాను. నా దగ్గరున్న ఒక పెట్టెలో పసుపు ఎందుకు తరిగిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "మీరు లంచం ముట్టని మనిషంట కదండీ" అంటుంటారు. వాళ్ళ కోసమైనా చెప్పాలి.

నేను ఏలూరులో కాలవల పనులు చూసే ఒక ఆఫీసులో, డ్రాయింగ్ బ్రాంచిలో, ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. మ్యాపులకు నకళ్ళు తీసే ట్రేసరుగా చేరి డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యాను. ఎవరి పేర్లూ చెప్పను. చెబితే నా పేరు కూడా చెప్పాల్సి వస్తుంది.

చేరిన కొత్తలో రికార్డు గది దులపమన్నారు. బీరువా వెనక ఒక నల్లటి రేకు డబ్బా దొరికింది. మూత లోపలివైపు తెల్లటి ఎనామిల్, అదే రంగులు కలుపుకునే పళ్ళెం. వరసగా పింగాణీ గుంటలు, వాటిలో బీటలు వారిన రంగు ముక్కలు. పారెయ్యమన్నారు. నేను ఇంటికి తెచ్చుకున్నాను. అచ్చు మ్యాపులు రాకముందు మా ఆఫీసులో ప్రతి మ్యాపుకీ చేత్తోనే రంగులు వేసేవారు. నీలం అంటే నీళ్ళు. ఎరుపు అంటే రాతి కట్టడం. పసుపు అంటే జిరాయితీ, అంటే రైతుల సొంత పట్టా భూమి. ఏ రంగు ఎక్కడ ఆగితే అక్కడ ఒకడి హక్కు ఆగేది. అంత బరువైన పని అరచేతిలో పట్టే ఆ డబ్బా చేసిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. అక్కణ్ణించి అదొక పిచ్చి పట్టుకుంది.

ఆదివారం వస్తే బస్సెక్కేవాణ్ణి. తాడేపల్లిగూడెంలో ఒక పాత ఇనప సామాను కొట్టులో మేకులు పోసుకున్న డబ్బా చూసి, మేకులన్నీ నేనే ఏరిపెట్టి తెచ్చుకున్నాను. తణుకులో ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారింట్లో పూజ గదిలో కుంకుమ భరిణెలా వాడుతున్న పింగాణీ గిన్నెల సెట్టు దొరికింది. అడగ్గా అడగ్గా ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పారు. గట్టి బిళ్ళల్లా ఉండేవి అన్నిటికన్నా పాతవి, రాయి మీద గంధంలా అరగదీసుకోవాలి. తరవాత తేనె కలిపిన మెత్తటి రంగులు వచ్చాయి. మన ఉక్కకు వాటికి చీమలు పట్టేవట. ఆ చీమల బెడదకే కాబోలు, ఇక్కడి దొరలు చాలాకాలం పాత గట్టి బిళ్ళలనే వాడారు.

నా దగ్గరున్న పెట్టెల్లోకెల్లా మంచిది సాయిబు గారు ఇచ్చారు. ఏలూరులో తివాచీలకు నమూనాలు గీసే పాత కుటుంబాల్లో మిగిలిన పెద్దాయన. గళ్ళ కాగితం మీద ఒక్కో గడిలో ఒక్కో రంగు చుక్క పెట్టుకుంటూ పోవడం ఆయన పని. ఒక గడి అంటే మగ్గం మీద ఒక ముడి. వాళ్ళ తాతగారికి ఎవరో దొర ఇచ్చిన చెక్క పెట్టె అది. ఎరుపులన్నీ అరిగిపోయాయి కానీ పసుపు బిళ్ళ ఒక్కటి ఎవరూ ముట్టుకోనట్టే ఉంది. దాని మీద తెరచాపలెత్తిన ఓడ ముద్ర.

"ఇది చెట్టుపాలతో చేసే పసుపంటండి. విషమంట. కుంచె కొన నోట్లో పెట్టుకుని చక్కజేసుకుంటాం కదండీ, అందుకని మా తాత దీన్ని దూరం పెట్టాడు. మీరూ తడపకండి సారు. ఓడ చెక్కు చెదరకుండా ఉన్న బిళ్ళ నేనింకెక్కడా చూళ్ళేదు" అన్నారు.

"తడపనండి సాయిబు గారూ."

"మాటేనా అండి?"

"మాటేనండి."

రెండువేల సంవత్సరం దాటాక మా బ్రాంచిలోకి కంప్యూటర్లు వచ్చాయి. నా టేబుల్ని కిటికీ పక్కనుంచి మెట్ల కిందికి జరిపారు. కొత్త ఇంజనీర్లకు నేనేం చేస్తానో తెలిసేది కాదు. పాతవాళ్ళలో నేనూ, ప్రింట్లు తీసే మెషిన్ చూసే ఆవిడా మిగిలాం. ఆవిడది మిషన్ చర్చి దగ్గరి కుటుంబం, తండ్రి బడి పంతులు. నన్ను అన్నయ్య గారూ అనేది. ఇరవై ఏళ్ళపాటు మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నాం. మెషిన్లోంచి వచ్చే అమ్మోనియా వాసనకు ఆవిడ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, అయినా ఆ మెషిన్ని ఎవర్నీ తాకనిచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో మా ఆఫీసుకు ఒక ఇంజనీరు గారు బదిలీ మీద వచ్చారు. చాలా మెత్తని మనిషి. ప్యూనుని కూడా ఏవండీ అనే పిలిచేవారు. నా పెట్టెల సంగతి విని ఒక ఆదివారం మా ఇంటికే వచ్చారు. అటక మీంచి ఒక్కొక్కటీ దింపి చూపించాను. రెండు గంటలు ఓపిగ్గా కూర్చుని చూశారు. నా ఉద్యోగం మొత్తం మీద నన్ను అంతసేపు విన్న అధికారి ఆయనొక్కరే.

"ఏవండీ, ఇలాంటివి అటక మీద ఉండాల్సినవాండీ? మన ముందు హాల్లో అద్దాల బీరువా చేయిద్దాం. పైన మీ పేరుతో బోర్డు పెడదాం. కాలవలు ఎలా పుట్టాయో జనానికి తెలియాలి కదండీ" అన్నారు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. బోర్డు మీద అక్షరాలు ఎంత ఎత్తుండాలో ఆలోచిస్తూ పడుకున్నాను.

పది రోజులకు ఆయన నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద కొల్లేటి ఉత్తరపు అంచు మ్యాపు పరిచి ఉంది. బట్ట మీద అంటించిన పాత మ్యాపు. ఎన్నో ఏళ్ళు కిటికీ ఎదురుగా గోడకు వేలాడి ఒక మూల రంగు వెలిసిపోయింది. ఒక మురుగు కాలవకూ ఒక లంక ఊరికీ మధ్యన, అరచెయ్యంత మేర. మ్యాపు మీద అరచెయ్యంటే నేల మీద కొన్ని వందల ఎకరాలు.

"ఇక్కడ పసుపుండేదండి. ఎండకు పోయింది. గ్రామం రికార్డులో అలాగే ఉంది. మీరు మళ్ళీ వేసేయండి. కొత్త రంగు వేస్తే అతుకేసినట్టు కనబడుతుంది. మీ దగ్గర ఆ కాలం రంగే ఉంది కదండీ" అన్నారు.

"ఆ రికార్డు ఒకసారి చూడొచ్చాండి?"

"నేను చూశానండి" అని నవ్వారు. ఆ నవ్వులో బెదిరింపేమీ లేదు. అలా ఉంటే బాగుండేది. భయపడి చేశానని చెప్పుకునేవాణ్ణి.

కొల్లేటి సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. అప్పటికి సరస్సు నిండా చేపల చెరువుల గట్లు. సరస్సు నేల మీద వేసిన గట్లన్నీ కొట్టేస్తారనే మాట ఏలూరంతా వినబడుతోంది. సొంత జిరాయితీలో ఉన్న చెరువుల జోలికి ఇప్పుడిప్పుడే రారనీ అనుకుంటున్నారు. అంటే మ్యాపులో నీలం మీద ఉన్న గట్టు పోతుంది, పసుపు మీద ఉన్నది నిలుస్తుంది. ఆ అరచెయ్యంత చోటులో ఒక పెద్ద ఆసామి చెరువులున్నాయి. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. చూసి ఉంటే కనీసం ఎవరికోసం చేశానో తెలిసేది.

ఆ పక్కనున్న లంక మాత్రం నాకు తెలుసు. ట్రేసరుగా ఉన్నప్పుడు నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ సర్వేకి వెళ్ళి ఇరవై రోజులు అక్కడే ఉన్నాను. చేపల వేటకు వెళ్ళే ఒకాయన, ఇప్పుడు ఆ ఊరి పెద్దాయన, తన ఇంట్లో మంచం వేసి పెట్టాడు. అప్పటికి ఆయనా కుర్రవాడే. తాటిదోనెలో నన్ను కూర్చోబెట్టుకుని, "కదలకండి బాబుగారూ, మీరు కదిలితే మీ మ్యాపూ మునుగుద్ది, మనమూ మునుగుతాం" అని నవ్వేవాడు. ఆయన భార్య కొర్రమీను పులుసు వండి పెట్టేది. నాకు ఈత రాదని తెలిసి, నేను స్నానానికి దిగితే ఆయన ఒడ్డునే నిలబడి ఉండేవాడు.

మ్యాపు నా టేబుల్ మీదికి వచ్చాక భూతద్దం పెట్టి చూశాను. కొన్ని నీలాలు కాగితం మీద పరుచుకోవు, సన్నటి ఇసుకలా దాని గుంటల్లోకి దిగి కూర్చుంటాయి. పైపై రంగు పోయినా ఆ రేణువులు పోవు. అరచెయ్యంత మేరా, ఈ చివరనుంచి ఆ చివరదాకా, నీలం రేణువులు. అది సరస్సు. అక్కడ పసుపు ఎప్పుడూ లేదు.

తెలియక చేశానని రాసుకునే అవకాశం నాకు అక్కడే పోయింది.

రెండో శనివారం సెలవు రోజు మధ్యాహ్నం ఆ పని చేశాను. ముందు తడి స్పాంజితో అద్ది అద్ది నీలం తీశాను. లేకపోతే పసుపు పడగానే ఆకుపచ్చగా మారుతుంది. ఆరాక సాయిబు గారి పెట్టె తెరిచాను. ఓడ ముద్ర మీద కుంచెతో నీటి చుక్క పెట్టాను. నూరేళ్ళు ఎండి కూర్చున్న పసుపు ఒక్క క్షణంలో కరిగింది. అంత మంచి పసుపు మళ్ళీ చూడలేదు. సిగ్గు లేకుండా నిజం చెప్పాలంటే, ఆ గంటన్నరా నేను ఆనందంగా ఉన్నాను. అంచు ఎక్కడా చెదరలేదు. ముప్ఫై ఏళ్ళ పనితనం అంతా ఆ పూటకే దాచిపెట్టుకున్నట్టు కుదిరింది.

ఇంజనీరు గారు ఏవో ప్రింట్లు కావాలన్నారని మెషిన్ చూసే ఆవిడా ఆ రోజు ఆఫీసుకు వచ్చింది. నా వెనక నిలబడటం నేను గమనించలేదు.

"గిన్నెలో నీళ్ళు నీలంగా ఉన్నాయేంటి అన్నయ్య గారూ?" అంది.

"కుంచె కడిగానమ్మా."

ఆవిడ మ్యాపు వైపు చూసింది. తడిగా మెరుస్తున్న పసుపు వైపు చూసింది. "పసుపు వేస్తూ నీలం కడిగారా?" అంది. నేను గిన్నె పక్కకి జరిపాను. ప్రింట్లు తీసుకుని వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండానే అద్దాల బీరువా వచ్చింది. టేకు చెక్క, లోపల లైట్లు, పైన బోర్డు, బోర్డు కింద నా పేరు. చిన్న సభ చేశారు. పేపర్లో ఫొటో వేసి నన్ను రంగుల నిపుణుడన్నారు. సాయిబు గార్ని నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. ఆయన తన పెట్టె ముందు చాలాసేపు వంగి నిలబడ్డారు.

"ఓడకి తెరచాపలుండేవి కదండీ?"

"పరీక్షకని కొంచెం తడిపాను సాయిబు గారూ."

"పరీక్షకి తెరచాపలన్నీ పోయాయాండి?" అన్నారు. గొంతు పెంచలేదు. టీ తాగకుండానే వెళ్ళిపోయారు. పెట్టె తిరిగిచ్చెయ్యమని అడిగినా బాగుండేది. అడగలేదు.

ఆ తరవాత, ఏ గట్లు కొట్టాలో తేల్చడానికి విచారణ పెట్టారు. ఆసామి తరఫువాళ్ళు మ్యాపు చూపించి, మా చెరువులు జిరాయితీలో ఉన్నాయన్నారు. లంకవాళ్ళు కాదన్నారు. వాళ్ళ వాదన ఇది: "ఊరందరిదీ కలిపి మాకూ ఒక చెరువుంది. దాని గట్టు కొట్టెయ్యండి, ఒప్పుకుంటాం. కానీ మాకూ కాలవకీ మధ్యనున్న ఆసామి గట్లు కూడా కొట్టెయ్యాలి. అప్పుడు సరస్సు నీళ్ళు మా గుమ్మాల్లోకి వస్తాయి, మా తాతల్లాగే వేట చేసుకుంటాం. ఆ గట్లుంచి మాది ఒక్కటే కొడితే, చెరువూ పోద్ది, సరస్సూ రాదు." పాత మ్యాపులో ఆ చోటు నీలంగా ఉండేదని వాళ్ళ పెద్దవాళ్ళు చెప్పేవారట.

విచారణకు ముందు రోజు ఆవిడ క్యారేజీ విప్పకుండా నా ఎదురుగా కూర్చుంది.

"రేపు మిమ్మల్ని పిలుస్తారంట కదా అన్నయ్య గారూ. ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండి. మీరు చెబితే, నేనూ చూశానని చెబుతాను. నా ఉద్యోగం పోతే పోనీండి. మీరు చెప్పకపోతే మాత్రం నా మాట ఎవరూ వినరు."

"చూద్దాంలేమ్మా" అన్నాను.

"చూసేదేముందండి. మీరు చూశారు కదా" అంది.

విచారణ మా ఆఫీసు మీటింగు హాల్లోనే జరిగింది. అక్కడికి వెళ్ళాలంటే నా బీరువా ముందునుంచే వెళ్ళాలి. లోపల ఒక పక్కన ఆసామి లాయర్లు, ఒక పక్కన లంకవాళ్ళు పదిహేను మంది. వాళ్ళ ముందు వరసలో ఆ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. నన్ను చూడగానే లేచి నిలబడి దణ్ణం పెట్టాడు. "బాబుగారూ, బాగున్నారాండి? మా ఆవిడ మిమ్మల్ని అడిగిందని చెప్పమంది" అన్నాడు. నన్ను చూశాక వాళ్ళందరి మొహాలూ తేలికపడటం నాకు కనబడింది.

వేరే జిల్లానుంచి వచ్చిన అధికారి విచారణ చేస్తున్నారు. మ్యాపు నా ముందు పెట్టించారు.

"మీరు ఈ విషయంలో నిపుణులని విన్నాను. ఈ పసుపు రంగు ఈమధ్య వేసిందా, పాతదా? అదొక్కటి చెప్పండి."

భూతద్దం తీసి వంగి చూశాను. చూడనవసరం లేదు. చూసినంతసేపూ ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను. ఇంజనీరు గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆయన నాకు ఏమీ చెప్పమని చెప్పలేదు, చివరిదాకా చెప్పలేదు. గుమ్మం దగ్గర ఆవిడ నిలబడి ఉంది.

"రంగు పాతదేనండి" అన్నాను.

"ఎంత పాతది?"

"వందేళ్ళ పైమాటేనండి."

ప్రతి మాటా నిజం. రంగు వందేళ్ళదే. వేసింది నాలుగు నెలల కిందట. ఆయన అడిగింది ఒకటి, నేను జవాబిచ్చింది ఇంకొకటి. రెండింటికీ ఒకే మాట సరిపోయింది. అబద్ధం ఆడాల్సిన అవసరం కూడా రానంత చక్కగా కుదిరింది.

లంకవాళ్ళలో ఒకతను లేచి, "ఇదెక్కడి న్యాయమండీ!" అని ఏదో అనబోయాడు. పెద్దాయన అతని భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఉండరా. ఆ బాబుగారు మన ఇంట్లో అన్నం తిన్న మనిషి. ఆయన పాతదంటే పాతదే. మన పెద్దోళ్ళే పొరబడ్డారేమో" అన్నాడు. తరవాత అధికారి వైపు తిరిగి, "మేం ఒప్పుకుంటున్నామండి" అని చేతులు జోడించాడు.

నేను బయటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఆవిడ లేదు. మర్నాడు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని మెషిన్ గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకేసుకుంది. ఆ తరవాత నాతో ఎప్పుడు మాట్లాడాల్సి వచ్చినా సార్ అనే పిలిచింది.

గట్లు కొట్టారు. లంకవాళ్ళ చెరువు గట్టు కొట్టిన రోజు ఊరు ఊరంతా వచ్చి నిలబడి చూసిందని విన్నాను. ఆసామి గట్లు నిలిచాయి. ఆ ఏడు వానలకు పైనుంచి వచ్చిన నీళ్ళు ఆ గట్లకు తగిలి, పోయే దారి లేక, వెనక్కి తిరిగి లంకలోకి ఎక్కాయి. పూర్వం కూడా కొల్లేటి నీళ్ళు ఊళ్ళలోకి వచ్చేవి, వచ్చిన దారినే పోయేవి. ఈసారి పోలేదు. మూడు వారాలు నిలిచాయి.

కైకలూరు రోడ్డు మీద జనం టార్పాలిన్ పట్టాలు కట్టుకుని ఉన్నారని తెలిసి వెళ్ళాను. రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళే. గేదెలు, మంచాలు, వలలు, తడిసిన బియ్యం బస్తాలు అన్నీ ఒక్కచోటే. పెద్దాయన ఒక పట్టా కింద కూర్చుని తెగిన వల కట్టుకుంటున్నాడు. భార్య జ్వరంతో పడుకుని ఉంది. నన్ను చూసి లేవబోతే ఆవిణ్ణి ఆయనే ఆపాడు. నాకు కూర్చోడానికి మంచం కోడు పక్కనే కాస్త పొడి చోటు చూపించాడు.

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. నీలం రేణువులు, స్పాంజి, పసుపు, బీరువా, బోర్డు. వింటున్నంతసేపూ ఆయన చెయ్యి వల మీద కదులుతూనే ఉంది. బోర్డు దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"పెట్టెలు పెట్టుకోడానికాండి?" అన్నాడు. నాకు అర్థం కాలేదనుకుని మళ్ళీ అడిగాడు. "బీరువా కోసమాండి?"

"అవునండి."

"ఎంతో కొంత ఇచ్చుంటారనుకున్నాను" అన్నాడు.

వల పక్కన పెట్టి, "ఇదంతా కాగితం మీద రాసిస్తారా బాబుగారూ? మళ్ళీ అడుగుతాం" అన్నాడు.

నాకు రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉంది. అలాంటి కాగితం ఇస్తే సస్పెండ్ చేస్తారు, పింఛను ఆగుతుంది, ముప్ఫై ఏళ్ళ పేరు పోతుంది. అక్కడికి వెళ్ళేటప్పుడు ఇవేవీ నాకు గుర్తు రాలేదు. రాసిస్తారా అనగానే అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"రిటైరయిన మర్నాడే రాసిస్తానండి. ఎనిమిది నెలలు ఓపిక పట్టండి" అన్నాను.

ఆయన భార్య పడుకున్న చోటునుంచే అటు తిరిగింది. ఆయన మాత్రం "అలాగేనండి" అన్నాడు. మళ్ళీ వల అందుకున్నాడు.

ఆ ఎనిమిది నెలల్లోనే ఇంజనీరు గారికి ప్రమోషన్ మీద బదిలీ అయింది. ముందు హాలు కంప్యూటర్లకు కావాలన్నారు. బీరువాని వరండాలోకి తోశారు. ఒక రోజు వెళ్ళేసరికి అందులో పాత ఫైళ్ళు సర్ది ఉన్నాయి, నా పెట్టెలు ఒక గోనెసంచిలో మెట్ల కింద ఉన్నాయి. పింగాణీ గిన్నెలు రెండు పగిలిపోయాయి. బోర్డు ఏమైందో ఎవరూ చెప్పలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. సంచి భుజాన వేసుకుని బస్సెక్కాను.

రిటైరయిన రోజు శాలువా కప్పారు. నిజాయితీపరుడని నలుగురు మాట్లాడారు. ఆవిడ చివరి వరసలో కూర్చుని ఉంది. మాట్లాడమంటే తల అడ్డంగా ఊపింది.

మర్నాడే రాశాను. ఆ మాట నిలబెట్టుకున్నాను, నిలబెట్టుకున్న మాట అదొక్కటే. నాలుగు పేజీలు. ఆవిడ ఇంటికి తీసుకెళ్ళాను. నిలబడే చదివింది. చివర తన పేరు రాసి, తాను చూసిందేమిటో రెండు లైన్లు రాసి, సంతకం పెట్టింది. "ఆ రోజు చెప్పాల్సింది సార్" అంది. లోపలికి రమ్మనలేదు.

అక్కణ్ణించి ఆఫీసుకు వెళ్ళాను. మ్యాపు నంబరు వేసి, దాన్ని మళ్ళీ పరీక్ష చేయించమని రాతపూర్వకంగా అడిగాను. ఎంత కడిగినా అన్ని రేణువులూ రావు, పెద్ద భూతద్దం కింద పెడితే ఇప్పటికీ దొరుకుతాయి. రికార్డు గది చూసే కొత్త అమ్మాయి రిజిస్టరు తిరగేసింది.

"ఆ షీటు చెదలు తినేసిందని పోయిన నెల తీసేశారండి. పాతవన్నీ స్కాన్ చేసి తగలబెట్టేశారు. కంప్యూటర్లో ఉంది, ప్రింటు కావాలాండి?"

తెర మీద చూపించింది. స్కాన్‌లో రేణువులు ఉండవు. సరస్సు అంచున నున్నటి పసుపు, నా చేత్తో వేసింది, అంచు ఎక్కడా చెదరకుండా ఉంది. ఇంక ఎవరు వచ్చి చూసినా కనబడేది అదే.

అయినా కాగితం పట్టుకుని లంకకు వెళ్ళాను. నీళ్ళు తీసి అప్పటికి చాలా రోజులైంది. ఇళ్ళ గోడల మీద మనిషి నడుమెత్తున బురద చారలు అలాగే ఉన్నాయి. చాలా ఇళ్ళకు తాళాలు. సగం మంది రొయ్యల చెరువుల మీద కూలికి భీమవరం వైపు వెళ్ళిపోయారని చెప్పారు. పెద్దాయన భార్య ఆ చలికాలంలోనే పోయిందట. నాకెవరూ చెప్పలేదు, ఎందుకు చెబుతారు.

ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఈసారి లేవలేదు. నేను కిందే కూర్చుని నాలుగు పేజీలూ చదివి వినిపించాను. మ్యాపు తగలబెట్టిన సంగతి కూడా చెప్పాను. మ్యాపు లేకపోతే ఈ కాగితానికి బలం తక్కువేననీ, అయినా ఎవరికి ఇమ్మంటే వాళ్ళకిస్తాననీ, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాననీ చెప్పాను. ఎదురుగా ఆసామి గట్టు కనబడుతోంది. దాని మీద కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలు వరసగా ఉన్నాయి.

ఆయన నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, చదవడం రాకపోయినా ఒక్కో పేజీ తిప్పి చూశాడు. సంతకం దగ్గర వేలు పెట్టి, "ఇది మీదాండి?" అని అడిగాడు. అవునన్నాను. జాగ్రత్తగా మడిచి, మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.

"మీ దగ్గరే ఉంచండి బాబుగారూ. మా ఇంట్లో కాగితం తడవకుండా దాచే చోటు లేదండి."